డయాలసిస్ వాళ్ళకి ఇంటికి ఫోన్ చేసే నర్సు: వాడి చూశాక నా మాట

ముందు మార్కులు చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్ళు అక్కడితో ఆగిపోవచ్చు. నర్సుకి 5కి 5. ఫోన్ వేళలకి 2. వాళ్ళిచ్చిన యాప్‌కి 1, అదీ బరువు రాసుకోవడానికి ఒక గడి ఉంది కాబట్టి.

సంగతేంటంటే, మా డయాలసిస్ యూనిట్ వాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. డయాలసిస్ లేని రోజుల్లో ఒక నర్సు ఇంటికి ఫోన్ చేస్తుంది. బరువు, బీపీ, వాపు అడుగుతుంది. నీళ్ళూ ఉప్పూ ఎలా అదుపులో పెట్టుకోవాలో నేర్పుతుంది. విడిగా డబ్బులేం తీసుకోరు. ఒక డయాలసిస్‌కీ ఇంకో డయాలసిస్‌కీ మధ్య బరువు బాగా పెరిగేవాళ్ళని ముందు చేర్చుకున్నారు. నన్ను అడక్కుండానే చేర్చారంటే నా అంకెలు ఎలా ఉండేవో ఊహించుకోండి. వారానికి మూడుసార్లు, పూటకి 4 గంటలు మిషన్ మీద ఉంటాను. నా డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండాల్సిన బరువు, 54 కిలోలు. వారంలో రెండు రోజులు వరసగా ఖాళీ వచ్చే చోట 57 దాటి వెళ్ళేదాన్ని.

నేను బట్టలు కుడతాను. రోజంతా ఫ్యాను కింద కూర్చునే పని, నోరు ఎండిపోతూనే ఉంటుంది. "నీళ్ళు తగ్గించండి" అని డాక్టరు గారు చెప్పారు, టెక్నీషియన్ చెప్పాడు, బరువు చూసే కుర్రాడు చెప్పాడు, పలకరించడానికొచ్చిన ప్రతి చుట్టమూ చెప్పి వెళ్ళాడు. అందరూ అక్కడే ఆగిపోతారు. అసలు నీకంత దాహం ఎందుకేస్తోంది అని అడిగింది మాత్రం ఈ ఫోన్ సిస్టరే. ఆ 5 మార్కులూ అందుకే.

మొదటి ఫోన్‌కి నేను ఎన్ని గ్లాసులు తాగుతున్నానో అప్పజెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాను. ఆ అమ్మాయి గ్లాసుల ఊసే ఎత్తలేదు. "అక్కా, ఇంట్లో ఎంతమంది? కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుంది?" అంది. నలుగురం, నెల తిరిగేసరికి కొత్త ప్యాకెట్ విప్పుతాం అన్నాను. "అయితే 1000 గ్రాములు, నలుగురు, 30 రోజులు. మీరే భాగించి చెప్పండి." ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కత్తిరించడానికి పరిచిన గుడ్డ మీదే సుద్దముక్కతో భాగించాను. మనిషికి రోజుకి 8 గ్రాముల పైచిలుకు తేలింది. కొంత ఉప్పు వంటింట్లో పారబోసే నీళ్ళతో పోతుంది కదా అన్నాను. "పోతుంది. కానీ మీరు ప్యాకెట్లలో కొని తినే వాటిల్లో ఉప్పు ఈ లెక్కలో లేదు. దానికీ దీనికీ చెల్లు" అంది.

ఆ తర్వాత చెప్పిన సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. 8 గ్రాముల ఉప్పు ఒంట్లోకి వెళితే, రక్తంలో సోడియం మళ్ళీ ఉండాల్సిన మట్టానికి రావడానికి సుమారు ఒక లీటరు నీళ్ళు కావాలట. ఆ నీళ్ళు తాగేదాకా మెదడు దాహం పుట్టిస్తూనే ఉంటుంది. కిడ్నీలు పనిచేసేవాళ్ళకి ఆ ఉప్పూ ఆ నీళ్ళూ మూత్రంలో పోతాయి. మనకి ఆ దారి చాలావరకు మూసుకుపోయింది కాబట్టి వచ్చే డయాలసిస్ దాకా రెండూ ఒంట్లోనే కూర్చుంటాయి. కిడ్నీలు బాగున్న మామూలు మనుషులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది. "ఉప్పు అలాగే తింటూ నీళ్ళు మానమంటే మీ వల్ల కాదక్కా, ఎవరి వల్లా కాదు" అంది. నోటి మీద అదుపు లేదని నన్నన్న వాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఆ మాట వినిపించాలనిపించింది.

చేయమన్న పని కూడా తేలికైనదే. పొద్దున్నే నా వంతు ఉప్పు, తలకొట్టిన టీ చెంచాకి కొంచెం తక్కువగా, చిన్న మూత డబ్బాలో వేసి పెట్టుకోవాలి. వంట ఉప్పు లేకుండా దించి ఎవరిది వాళ్ళు కలుపుకోవాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. ప్యాకెట్ తిండి ఏదైనా తింటే డబ్బాలోంచి ఆ మేరకి తీసి వెనక్కి పోసెయ్యాలి. మొదట్లో ఏది తిన్నా గడ్డి తిన్నట్టుండేది. కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుందని ఆ అమ్మాయి అంటే నమ్మలేదు. సర్దుకుంది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి వెళ్ళి తింటే నోరు మండుతోంది.

ఇక్కడే ఇంకో మాట. నా పాట్లు చూడలేక మా తోడికోడలు 'సోడియం తక్కువ' అని రాసున్న ఉప్పు వెతికి మరీ కొనుక్కొచ్చింది. ఫోన్‌లో ఆ సంగతి మురిసిపోతూ చెప్పాను. ప్యాకెట్ వెనక ఏం రాసుందో చదవమంది. పొటాషియం క్లోరైడ్ అని ఉంది. "అక్కా, అది ఇప్పుడే పక్కన పెట్టేయండి" అంది. ఆ గొంతులో అంత కంగారు మళ్ళీ ఎప్పుడూ వినలేదు. సోడియం తగ్గించడానికి ఆ ఉప్పులో పొటాషియం కలుపుతారు, మామూలు వాళ్ళకి మంచిదే కావచ్చు, డయాలసిస్ వాళ్ళకి అది ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది, గుండె ఆగిపోవచ్చు కూడా. నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే మాత్రల్లో కూడా సోడియం బాగానే ఉంటుందని, అడక్కుండా వేసుకోవద్దని అదే ఫోన్‌లో చెప్పింది. ఈ ఒక్క ఫోన్ కోసమైనా ఈ సేవ ఉండాలి అంటాను నేను.

నీళ్ళ సంగతికి తర్వాత వచ్చింది. ఒక రోజు మొత్తం, 24 గంటల మూత్రం పట్టి కొలవమంది. నాకు 300 మి.లీ. వచ్చింది. దానికి 500 కలిపి రోజుకి 800 అని డాక్టరు గారిని అడిగి ఖాయం చేసింది. మూత్రం తగ్గితే ఈ అంకె కూడా తగ్గుతుందట, అందుకే అప్పుడప్పుడూ మళ్ళీ కొలవమంటుంది. అసలు రానివాళ్ళకి ఇంకా తక్కువ. పక్కవాళ్ళ అంకె చూసి మనం తాగకూడదు.

ఆ 800 కొలవడానికి నేర్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. పొద్దున్నే ఒక సీసాలో సరిగ్గా 800 మి.లీ. నీళ్ళు పోసి పెట్టుకుంటాను. తాగితే అందులోంచే తాగుతాను. టీ గానీ సూప్ గానీ తాగినప్పుడు అదే కప్పుతో సీసాలోంచి నీళ్ళు తీసి మొక్కకి పోసేస్తాను. మజ్జిగైనా, ఐస్‌క్రీమైనా, జెల్లీ అయినా ఇదే లెక్క: గిన్నెలో వదిలేస్తే కరిగి జారేదేదైనా నీళ్ళ కిందే జమ. రాసుకునే పని లేదు. సాయంత్రానికి సీసాలో ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

సీసా పెట్టుకున్నాక బయటపడ్డ దొంగ ఇంకొకటి ఉంది, మాత్రలు. ఒక్కో మాత్రకి గుక్కెడు గుక్కెడు అనుకుంటాం గానీ, కొలిచి చూస్తే రోజుకి పావు లీటరు వాటికే పోతోంది. ఏవి అన్నం ముద్దతో మింగొచ్చో డాక్టరు గారిని అడిగి ఒక చీటీ చేసి పంపింది. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు ఎలాగూ తిండితోనే వేసుకోవాలి. అలా సగం నీళ్ళు మిగిలాయి.

దాహం, నోరు ఎండటం వేరువేరు అని కూడా ఈ అమ్మాయే విడదీసి చెప్పింది. నోరు ఎండితే నీళ్ళు మింగక్కర్లేదు, పుక్కిలించి ఉమ్మెయ్యొచ్చు. చిన్న ఐసు ముక్క చప్పరిస్తే గుక్కెడు నీళ్ళకంటే చాలాసేపు ఉంటుంది, అది కూడా సీసా లెక్కలో వేసుకోవాలి అంతే. చక్కెర లేని చూయింగ్ గమ్ కొందరికి పనిచేస్తుంది, నాకు దవడ నొప్పి తప్ప ఇంకేం రాలేదు. కొన్ని మందుల వల్ల కూడా నోరు ఎండుతుంది. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళకి పొద్దున్నే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇవన్నీ ఒక్కొక్కటే అడిగింది. నిజం దాహమైతే మాత్రం ఉప్పు చూడాలి, షుగర్ చూడాలి, ఒక్కోసారి మిషన్‌లో పెట్టే సోడియం కూడా చూడాలి. మిషన్‌లో అది మన రక్తంలో ఉన్నదానికంటే ఎక్కువ పెడితే డయాలసిస్ అయి ఇంటికొచ్చాక దాహం దంచేస్తుందట. నా పక్క కుర్చీలో కూర్చునే పెద్దాయనకి షుగర్ ఉంది. ఆయన ఉప్పు నాకంటే తక్కువే తింటాడు, అయినా దాహం తీరదు. షుగర్ ఎక్కువున్నప్పుడల్లా దాహం వేస్తుందని, ముందు అది అదుపులోకి రావాలని ఆయనకి చెప్పి, అంకెలు డాక్టరు గారికి పంపిందట. మా ఇద్దరికీ ఒకే పాఠం అప్పజెప్పి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగపడేది కాదు.

ఎక్కువ తాగితే ఏమవుతుంది, మిషన్ తీసేస్తుందిగా అని ఒకసారి నేనే వాదనకి దిగాను. మళ్ళీ లెక్కే చేయించింది. గంటకి, ఒంటి బరువులో కిలోకి 13 మి.లీ. దాటి నీరు లాగితే గుండెకి ప్రమాదమని చెబుతారట. 54 కిలోలు, 4 గంటలు, 13. గుణిస్తే 2808 మి.లీ. నేను తీసుకెళుతున్నది 3200. మిషన్ రక్తంలోంచే నీరు లాగగలదు. కాళ్ళలో, కండల్లో చేరిన నీరు రక్తంలోకి మెల్లగా ఊరాలి. ఊరేదానికంటే వేగంగా లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గుండె కండరానికి రక్తం సరిగా అందదు. డయాలసిస్ అయ్యాక ఇంటికొచ్చి పీనుగలా పడిపోతున్నది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. డ్రై వెయిట్‌లో 4 శాతం లోపు, అంటే నాకు 2 కిలోల పైన కొంచెం, అంతకి మించి పెరగకుండా చూసుకోమంది. ఎప్పుడైనా మించితే దాచకుండా చెప్పమంది, ఇంకో అరగంట ఎక్కువ కూర్చోబెడితే మెల్లగా తీయొచ్చు. రెండు రోజుల ఖాళీ తర్వాతే గుండె ప్రమాదాలు ఎక్కువని, అందుకే ఆ రెండో రోజు సాయంత్రం తప్పనిసరిగా ఫోన్ చేస్తానని చెప్పింది. చేస్తుంది కూడా.

ప్రతి ఫోన్ చివరా "ఇప్పుడు ఇదంతా మీ ఆయనకి చెబుతున్నట్టు నాకు చెప్పండి" అంటుంది. మొదట్లో చిరాకేసింది, చిన్నపిల్లనా నేను అని. కానీ చెప్పబోతే ఎక్కడ తెలియలేదో అక్కడ మాట ఆగిపోతుంది. ఆగిన చోట తిట్టదు, ఇంకోలా చెబుతుంది.

బరువు చూసుకోవడంలో కూడా పట్టింపులున్నాయి. పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, అవే పల్చటి బట్టలతో, మెత్తటి పరుపు మీదో తివాచీ మీదో కాకుండా గట్టి నేల మీద బరువు మిషన్ పెట్టి చూడాలి. బీపీ ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న చేతికి చూడకూడదు. వాపు సంగతి అడిగితే నేను నా వృత్తి చూపించాను: చీలమండ పైన పుట్టుమచ్చ దగ్గర టేపు చుట్టి ఇన్ని అంగుళాలని చెప్పాను. నవ్వింది. "ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పలేదక్కా, రోజూ అక్కడే కొలవండి" అంది. బొటనవేలితో ఎముక మీద కాసేపు నొక్కి వదిలితే గుంట నిలుస్తుందా అని కూడా చూడమంది. అయితే కాళ్ళు వాచకుండా ఊపిరితిత్తుల్లో నీరు చేరడమూ ఉంటుంది, టేపు మీదే భరోసా వద్దని అప్పుడే హెచ్చరించింది.

ఆ హెచ్చరిక తర్వాత పనికొచ్చింది. నాకు జ్వరమొచ్చి కొన్నాళ్ళు అన్నం సయించలేదు. డయాలసిస్ అయ్యాక బరువు ఎప్పటిలాగే 54. యాప్‌లో పచ్చరంగు, అంటే అంతా బాగున్నట్టు. టేపు కొలత పెరగలేదు. ఫోన్ చేసి మామూలు ప్రశ్నలయ్యాక "రాత్రి ఎన్ని దిళ్ళు వేసుకుంటున్నారు?" అంది. రెండు అన్నాను, ఒక్కదాని మీద పడుకుంటే ఆయాసంగా ఉంటోంది. "ఇదివరకు?" ఒకటే. "జాకెట్టు చేతులు వదులయ్యాయా?" అయ్యాయి, ముందు రోజే రెండు వైపులా లోపలికి పట్టి కుట్టేసుకున్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత చెప్పింది: తిండి లేక ఒంట్లో కండ తగ్గింది, తగ్గినంతా నీరు చేరి బరువుని అక్కడే నిలబెట్టింది, 54 ఇప్పుడు మీ డ్రై వెయిట్ కాదు. ఆ రోజే డాక్టరు గారికి చెప్పి మర్నాడు పరీక్ష చేయించింది. మెల్లమెల్లగా 53కి దించారు. దిళ్ళు మళ్ళీ ఒకటికొచ్చాయి. అన్నం బాగా తినడం మొదలుపెట్టాక మళ్ళీ పెంచాల్సి వస్తుందట, లేకపోతే అవసరానికి మించి నీరు లాగి పిక్కలు పట్టేస్తాయి. ఎదురుగా చూడకుండా, దిండూ జాకెట్టూ అడిగి ఇంత పట్టుకోగలిగిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక లోపాలు. ఫోన్ పగటిపూటే పలుకుతుంది. దాహం రాత్రిపూట ఎక్కువ. పడుకున్నాక సీసా ఖాళీ, నిద్ర రాదు, అప్పుడు ఒక్క మాట అడగాలంటే రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. ఊపిరాడకపోయినా, గుండెలో నొప్పొచ్చినా, పడుకుంటే ఆయాసమొచ్చి లేచి కూర్చోవాల్సొచ్చినా మాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి అని మొదటి రోజే చెప్పారు, అది సరైన పద్ధతే. ఆ రెంటికీ మధ్యలో ఉన్న చిన్న బాధలకి రాత్రి ఎవరూ లేరు.

మా సిస్టర్ సెలవు పెడితే ఇంకొకరు చేస్తారు. కాగితం చూసి చదువుతారు. నా ఉప్పు డబ్బా, నా టేపు, నా 800 ఏవీ ఆవిడకి తెలియవు. "నీళ్ళు తగ్గించండమ్మా" దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది ఆ ఫోన్. మా సిస్టర్ రాసుకున్న నోట్సు ఆవిడకి ఎందుకు కనిపించదో ఎవరూ చెప్పరు. డ్రై వెయిట్ మార్చే అధికారం కూడా నర్సుకి లేదు, డాక్టరు గారు దొరికేదాకా ఆగాలి. నా విషయంలో వెంటనే దొరికారు, అందరికీ అలా జరగలేదు.

యాప్ గురించి ఎక్కువ రాయను. నీళ్ళు గ్లాసుల్లోనే ఎక్కించాలి, మి.లీ.లలో రాయడానికి చోటు లేదు. ఎవరి గ్లాసు? ఉప్పుకి అసలు గడే లేదు. నేను ఆయాసపడుతున్న రోజుల్లో పచ్చరంగు చూపించింది, పట్టుచీర కట్టుకుని బరువు చూసుకున్న రోజు ఎర్రరంగు. కళ్ళు సరిగా కనిపించని మా పెద్దాయన అంకెలన్నీ ఫోన్‌లో నోటితోనే చెబుతాడు, ఆయన పని మాకంటే ముందే అయిపోతుంది.

ఇప్పుడు రెండు రోజుల ఖాళీ తర్వాత కూడా 2 కిలోలకి అటూ ఇటూగానే వెళుతున్నాను. పిక్కలు పట్టడం చాలావరకు పోయింది, డయాలసిస్ అయిన సాయంత్రం కాసేపు కుట్టు కూడా కుట్టగలుగుతున్నాను. పండగల సీజన్‌లో కుట్టు ఎక్కువై ఒకటి రెండుసార్లు హద్దు దాటింది, ఆ సంగతి సిస్టర్‌కీ తెలుసు.

మీ యూనిట్‌లో ఇలాంటిది పెడుతుంటే చేరేముందు మూడు సంగతులు అడగండి: ఎప్పుడూ ఒకే నర్సు చేస్తుందా, ఆ నర్సు చెప్పింది డాక్టరుకి ఎంతసేపట్లో చేరుతుంది, యాప్ లేకపోయినా నడుస్తుందా. మొదటిదానికి కాదు అని చెబితే మాత్రం, చేసేవాళ్ళందరికీ మీ నోట్సు కనిపిస్తుందో లేదో తేల్చుకోండి. మా వాళ్ళని నేను ఇంకా అదే అడుగుతున్నాను.